నీళ్ళు చేరుతుంటే మట్టం తగ్గకూడదు

పోయిన శుక్రవారం పొద్దున్నే పటమట నుంచి ఫోను వచ్చింది. మా మేడమ్‌గారి అక్క కొడుకు. "పిన్ని పోయిందండీ. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు," అన్నాడు. తర్వాత అతనే అన్నాడు: "అందరికంటే ముందు మీకు చెప్పమని ఎప్పుడో చెప్పి పెట్టిందండీ. ఎందుకో మాత్రం చెప్పలేదు."

ఎందుకో నాకు తెలుసు. మైలవరం అవతల ఒక కొండ మీద, వాన వెలిసిన పూట, ఆవిడ పక్కన నిలబడి కిందికి చూసిన వాళ్ళలో ఈ ఊళ్ళో మిగిలింది నేనొక్కదాన్నే. ఆ పూట గురించి మేమిద్దరం తర్వాత ఎన్నడూ వివరంగా మాట్లాడుకోలేదు. ఇప్పుడు ఆవిడ లేరు కనుక, చూసినదాన్ని చూసినట్టు చెప్పడం నా వంతు అనుకుంటున్నాను.

డెబ్బైల చివర్లో పటమటలో ఒక ఇంజనీరింగు కంపెనీ ఉండేది. కట్టడాలకూ కాలవలకూ లెక్కలు వేసిపెట్టే కంపెనీ. ఇప్పుడది లేదు. మద్రాసులో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరును లారీలో తెప్పించి, ఒక గది నిండా బిగించారు. బెజవాడలో అప్పటికి కంప్యూటరును కళ్ళతో చూసినవాళ్ళు తక్కువ. పెళ్ళికి వచ్చిన చుట్టాల్ని కూడా వెంటబెట్టుకొచ్చి అద్దంలోంచి చూపించి తీసుకుపోయేవాళ్ళు. నేను కంకిపాడు దగ్గర రైతుబిడ్డను. బీయస్సీ లెక్కలు చదివి అందులో ఉద్యోగంలో చేరితే మా నాన్న నవ్వాడు. "మిషనుకి లెక్కలు నేర్పటమేంటే? రేపు అది నీకు నేర్పుద్దేమో చూసుకో!" అన్నాడు.

ఆ మిషనుకు లెక్కలు నేర్పే మనిషి మా మేడమ్‌గారు. క్రైస్తవ మిషన్ స్కూలు హెడ్మాస్టరుగారమ్మాయి. మద్రాసులో చదువుకుని, అక్కడే ప్రోగ్రాములు రాయడం నేర్చుకుని వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు, అక్కగారింట్లో ఉండేవారు. కంప్యూటరు గదిలో ఏసీ చలికి మంగళగిరి చీర మీద బూడిదరంగు శాలువా కప్పుకుని, బుగ్గన చిన్న శొంఠి ముక్క పెట్టుకుని కూర్చునేవారు. అప్పట్లో ప్రోగ్రాము అంటే అట్ట కార్డుల కట్ట. ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు, దాని మీద చిల్లులు. కట్ట చేయిజారి కింద పడితే వరస పోతుంది. అందుకని మేడమ్‌గారు కట్ట పక్క అంచు మీద ఈ మూల నుంచి ఆ మూలకు సిరాతో ఏటవాలు గీత గీసి, జడ రిబ్బనుతో కట్టేవారు. గీత కుదిరితే వరస కుదిరినట్టే.

మిషను నడుస్తుంటే ఆవిడ సన్నగా ఏదో చర్చి పాట కూనిరాగం తీసేవారు. తీస్తున్నట్టు ఆవిడకు తెలిసేది కాదు. ఆ రాగం ఆగిందంటే మేమంతా తలలెత్తి చూసేవాళ్ళం. ఏదో తేడా వచ్చిందన్నమాట.

లూపు అంటే ఏమిటో నాకు నేర్పింది ఆవిడే. ఒకే పనిని మిషను చేత వేలసార్లు మళ్ళీ మళ్ళీ చేయించడం. "తిప్పటం ఎవరైనా తిప్పుతారు అమ్మాయ్. ఎక్కడ ఆగాలో ముందు రాసుకో, తర్వాత తిప్పు," అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. "మిషను అబద్ధం చెప్పదు. అడగనిది మాత్రం చచ్చినా చెప్పదు."

మైలవరం అవతల కొండల మధ్య ఒక పాత చెరువు ఉండేది. జమీందారుల కాలం నాటిది. ఒక చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళు దాన్ని కౌలుకు తీసుకున్నారు. చెరువు నిండినప్పుడు ఎక్కువైన నీళ్ళు పొర్లిపోవడానికి ఒక పక్కన రాతి గోడ కడతారు కదా, అలుగు అంటాం. దాన్ని ఇంకొంచెం ఎత్తు పెంచితే నీళ్ళు ఎక్కువ నిలుస్తాయి. పెంచితే పెద్ద వానకు చెరువు కట్ట తట్టుకుంటుందా? ఆ లెక్క మా కంపెనీకి వచ్చింది. ప్రోగ్రాము మేడమ్‌గారు రాశారు.

లెక్క పైకి తేలికే. వాన కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలో కొండల మీంచి ఎంత నీరు వచ్చింది, అలుగు మీంచి ఎంత పోయింది, చెరువులో ఎంత మిగిలింది అని చూస్తారు. ఇంత నీరుంటే ఇంత మట్టం అని సర్వేవాళ్ళు ఇచ్చిన పట్టికలోంచి మట్టం తీసుకుంటారు. తర్వాత ముక్కకు పోతారు. అది లూపు. వేలసార్లు తిరిగి, అన్నిటికంటే ఎత్తున నిలిచిన మట్టం ఎంతో ఒక్క అంకె అచ్చు వేస్తుంది. ఆ అంకె కట్ట కంటే కిందే ఉంది. రిపోర్టు వెళ్ళింది. వేసవిలో అలుగు ఎత్తు పెంచారు.

అందరం ఆ సంగతి మరిచిపోయాం. వానాకాలం సగమయ్యాక ఇంకో ఊరి చెరువు లెక్క వచ్చింది. అదే కార్డుల కట్ట తీశారు. కొత్త లెక్కకు ముందు కట్ట సరిగ్గా ఉందో లేదో చూద్దామని, పాత చెరువు అంకెలే వేసి, వాన మాత్రం రెట్టింపు చేసి నడిపారు మేడమ్‌గారు. మిషను తిరిగి తిరిగి ఒక అంకె అచ్చు వేసింది. ఆవిడ కాగితం చించుకుని చూశారు. పాత రిపోర్టు తెప్పించుకుని చూశారు. కూనిరాగం లేదు.

"ఇట్లా రామ్మా. వాన రెట్టింపు చేశాను. మట్టం ఎంత పెరిగిందో చూడు."

చూశాను. దాదాపు పాత అంకే. పెరిగింది వెంట్రుకవాసి కూడా లేదు.

"అలుగు మీంచి పోయిందేమోనండీ," అన్నాను.

"అంత వాన అంత అలుగు మీంచి పోయిందా?" అని నా మొహంలోకి చూశారు. ఆ చూపులో నా జవాబు కోసం ఎదురుచూడటం లేదు. "అక్కడ కట్ట కింద పాలెం ఉంది. తెలుసా నీకు?"

తెలియదు. ఆవిడకు మాత్రం తెలుసు. వాళ్ళ నాన్నగారు ఒకప్పుడు ఆ పాలెం బడికి తనిఖీకి వెళ్ళేవారట.

మర్నాడు పొద్దున కూర్చున్నాం. ప్రతి చుట్టుకూ అంకెలన్నీ అచ్చు వేయిద్దామంటే గది నిండేంత కాగితం అవుతుంది, తప్పు అందులో పూచికపుల్లలా కలిసిపోతుంది. పోనీ మీట నొక్కుతూ ఒక్కో చుట్టే నడిపిద్దామంటే వారాలు పడుతుంది. అప్పుడు మేడమ్‌గారు ఒక కొత్త కార్డు పంచ్ చేశారు. లూపు మధ్యలో పెట్టారు. ఫలానా సంగతి జరిగితేనే ఆగు, లేకపోతే తిరుగుతూ పో అని ఆ కార్డు అర్థం. ఆగినప్పుడు ఆ చుట్టులోని అంకెలు నాలుగూ టైపు కొట్టి, మీట నొక్కేదాకా కదలకుండా ఉంటుంది. ఇప్పటి పిల్లలు దీన్నే కండిషనల్ బ్రేక్‌పాయింట్ అంటారు, మౌసుతో ఒక చుక్క పెట్టి ఊరుకుంటారు. మాకు అప్పుడది ఒక అట్ట ముక్క.

మొదటి కార్డు మీద ఆవిడ రాసింది ఇది: మట్టం కట్టను దాటితే ఆగు. కార్డులు రీడరులోకి పరపరా పోయాయి. కన్సోలు మీద దీపాలు మిణుకుమిణుకుమంటూ తిరిగాయి. మిషను ఎక్కడా ఆగలేదు. చివరిదాకా పోయి, ఆ పాత అంకే మళ్ళీ కొట్టింది.

"దాటలేదండీ. అయితే పరవాలేదు కదా?" అన్నాను. నాకు నిజంగానే ప్రాణం లేచివచ్చింది.

మేడమ్‌గారు శాలువా దగ్గరికి లాక్కున్నారు. చాలాసేపు ఆ కార్డునే తిప్పి తిప్పి చూశారు. "మనం భయపడేదాన్ని అడిగాం. లేదంది. కానీ మట్టం ఎంతో చెప్పేది కూడా అదేగా? మట్టమే తప్పు చూస్తుంటే, దాటిన సంగతి దానికెట్లా తెలుస్తుంది?" అన్నారు. తర్వాత నెమ్మదిగా, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు: "భయపడేదాన్ని కాదు, జరగనే కూడనిదాన్ని అడగాలి. ఏం జరక్కూడదు? నీళ్ళు చేరుతుంటే మట్టం తగ్గకూడదు."

రెండో కార్డు పంచ్ చేశారు. పోయే నీళ్ళ కంటే వచ్చే నీళ్ళు ఎక్కువగా ఉండి, అయినా మట్టం ముందు చుట్టు కంటే తగ్గితే ఆగు. అదీ దాని మీదున్న మాట. వాన అంకెల్ని రెట్టింపు కాకుండా, అసలు రిపోర్టులో వాడినవే పెట్టారు.

మళ్ళీ దీపాలు తిరిగాయి. బయట సన్నగా వాన మొదలైంది. నేను దీపాల వైపే చూస్తున్నాను. ఉన్నట్టుండి అవి ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అన్నాళ్ళూ చెవుల్లో పడి అలవాటైపోయిన మిషను చప్పుడు లేకపోయేసరికి గదిలో ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు అనిపించింది. టైపు యంత్రం టకటకమని నాలుగు అంకెలు కొట్టి ఊరుకుంది.

వచ్చే నీరు ఎక్కువ. పోయే నీరు తక్కువ. చెరువులో నీరు ముందు చుట్టు కంటే పెరిగింది. మట్టం మాత్రం మోకాటి లోతుకు పడిపోయింది.

మేడమ్‌గారు సర్వే పట్టిక తీశారు. అది కట్ట అంచుకు కొంచెం కిందనే అయిపోతుంది. సర్వేవాళ్ళు అంతవరకే కొలిచారు. నీరు అంతకు మించినప్పుడు ప్రోగ్రాము ఆగి, పట్టిక అయిపోయిందని చెప్పాలి. ఆ మాట ప్రోగ్రాములో లేదు. పట్టిక దాటి, మెమరీలో ఆ పక్కనే ఉన్న వేరే అంకెల్ని, వాన అంకెల్ని, మట్టాలనుకుని చదువుకుంటూ పోయింది. నీరు కట్ట దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మిషనుకు చెరువు ఖాళీగా కనిపించింది. ఎంత వాన పోసినా ఆ మీది మట్టం దానికి కనిపించదు.

"ఎక్కడ ఆగాలో నేనే రాయలేదు అమ్మాయ్," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో సిరా కలం మాత్రం కింద పెట్టలేకపోయారు.

పట్టికను పైకి పొడిగించి, ఆగే మాట చేర్చి మళ్ళీ నడిపారు. రిపోర్టులో వేసిన వానకే నీళ్ళు కట్ట మీదుగా పొర్లాయి. అది మట్టి కట్ట. మట్టి కట్ట మీద నీళ్ళు పారితే ఏమవుతుందో మా ఇద్దరికీ ఎవరూ చెప్పక్కర్లేదు.

డైరెక్టరుగారి గదిలోకి ఆవిడ నన్ను వెంట తీసుకెళ్ళారు. దాపరికం లేకుండా చెప్పారు. "తప్పు నాదేనండీ. అలుగు మళ్ళీ దించాలి. వెంటనే."

డైరెక్టరుగారు చెడ్డమనిషి కాదు. విన్నంతసేపూ ఆయన మొహంలో రక్తం లేదు. మా ముందే ఫ్యాక్టరీకి ట్రంకాల్ బుక్ చేసి మాట్లాడారు. అవతలివాళ్ళు ఏమన్నారో ఆయన మొహం మీదే తెలిసింది. "సీజను అయ్యాక చూస్తారటమ్మా. ఇప్పుడు నీళ్ళు వదిలితే ఫ్యాక్టరీ నడవదంటున్నారు."

"వాన వాళ్ళ సీజను చూసుకుని రాదు కదండీ."

"మొన్న సేఫ్ అని రాసిచ్చింది మనమే. ఇవాళ కాదంటే ఇక మన మాట ఎవరు వింటారు? మీరు బయట ఎక్కడా అనకండి. నేను మాట్లాడతాను, నెమ్మదిగా."

ఆ వారంలోనే బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని రేడియోలో చెప్పారు. మేడమ్‌గారు సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టారు. "నేను పోతున్నాను. నువ్వు రానక్కర్లేదు, నీ ఉద్యోగం నీకుండాలి," అన్నారు. నేను చెప్పులు వేసుకున్నాను.

పొద్దుటి బస్సు ఎక్కాం. ఇబ్రహీంపట్నం దాటేసరికి ముసురు పట్టింది. కొత్తగా లేస్తున్న థర్మల్ కరెంటు స్టేషను పొగగొట్టాల పై సగం మబ్బులో కనపడలేదు. మైలవరంలో దిగి, ఒంటెద్దు బండి మాట్లాడుకుని పాలెం చేరాం. కూలిజనం ఇళ్ళు, తాటాకు కప్పులు, మధ్యలో పెంకుల చర్చి. దాని వెనక, ఆకాశానికి అడ్డంగా పచ్చగా చెరువు కట్ట. ఇళ్ళ కప్పుల కంటే ఎత్తున ఉంది. నీళ్ళన్నీ ఆ కట్ట వెనకే ఉన్నాయి.

పాస్టరుగారు పెద్దవయసు మనిషి. నలుగురు పెద్దల్ని చర్చి అరుగు మీదికి పిలిపించారు. మేడమ్‌గారు నిలబడే చెప్పారు. లెక్క వేసింది తనేననీ, తప్పు వేశాననీ మొదటే చెప్పారు.

ఒక ముసలాయన నవ్వాడు. "మా తాతల కాడ్నించీ తెగని చెరువమ్మా ఇది."

"అప్పుడు అలుగు ఇంత ఎత్తు లేదు కదా పెద్దయ్యా."

ఆయన నవ్వు ఆపేశాడు. పాస్టరుగారు అడిగారు, "ఎప్పుడు తెగుద్దమ్మా?"

"తెగుద్దని చెప్పలేనండీ అయ్యగారూ. వాన ఎంత పడుద్దో నాకు తెలీదు. కానీ ఏం చూస్తే లేచి పోవాలో చెప్పగలను."

మేడమ్‌గారు కట్ట ఎక్కి, నీళ్ళు కిందికి వదిలే చెరువు తూము దగ్గరికి వెళ్ళారు. వెంట గొర్రెలు కాసుకునే ఏసోబు అనే అతను వచ్చాడు. పెద్ద మీసాలు, నెత్తిన గోనె సంచి. పాలెంలో ఆ కట్ట మీద రోజూ తిరిగేది అతనే. మేడమ్‌గారు అలుగు ఎత్తుతో సరిచూసుకుని, బండి ఇరుసు కందెన తెప్పించి, తూము రాతి మీద, కట్ట అంచుకు కాస్త కిందగా, అడ్డంగా నల్లటి గీత గీయించారు.

"నీళ్ళు ఈ గీతను ముట్టుకుంటే చర్చి గంట కొట్టాలి. వాన ఉందా, వెలిసిందా, ఎవరేమన్నారు, ఏదీ చూడొద్దు. గీత ఒక్కటే చూడాలి."

"వాన ఎలిసినా కొట్టాలామ్మా?"

"వెలిసినా కొట్టాలి. కొండల మీద పడింది వెనకాల వస్తుంది."

"సరేనమ్మా. నేను చూత్తా," అన్నాడు ఏసోబు. ఎందుకో గీతను వేలితో ఒకసారి తాకి, ఆ వేలు గోనెకు తుడుచుకున్నాడు.

బస్సులు ఆగిపోయాయి. పాస్టరుగారింట్లోనే ఉండిపోయాం. వాన ఒకే తీరున పడింది. మేడమ్‌గారు ఇంటింటికీ తిరిగి, గంట వింటే పిల్లల్ని చంకనేసుకుని కొండెక్కాలనీ, మూటలు కట్టుకోవద్దనీ చెప్పారు. కొందరు తలుపు దగ్గరే నిలబెట్టి విని పంపారు. ఒకామె మాత్రం, "పిల్లల్ని బెదరగొట్టమాకమ్మా, తల్లీ," అని దణ్ణం పెట్టింది.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. పల్చటి ఎండ కూడా వచ్చింది. ఆడవాళ్ళు తడి బట్టలు దండేల మీద వేశారు. ముసలాయన మా దగ్గరికి వచ్చి, "గండం గడిసిందమ్మా. ఇక బయల్దేరండి," అన్నాడు మంచిగానే. నేను మేడమ్‌గారి వైపు చూశాను. ఆవిడ కొండల వైపు చూస్తున్నారు. అక్కడ ఇంకా నల్లగానే ఉంది.

ఎండలో, బట్టలు ఆరుతుండగా, గంట మోగింది.

ఒక్క నిమిషం ఎవరూ కదల్లేదు. అంత ఎండలో గంట ఏమిటని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "గీత ముట్టుకుంది! గీత ముట్టుకుంది!" అని ఏసోబు గంట తాడు లాగుతూ అరుస్తున్నాడు. పాస్టరుగారు ముందు నడిచారు. ఆయన నడిచాక అందరూ నడిచారు, ఆ తర్వాత పరుగెత్తారు. మేడమ్‌గారు, నేను చెరో బిడ్డను ఎత్తుకున్నాం. నా మెడను పట్టుకున్న పిల్ల ఏడవలేదు, వెనక్కి చూస్తూనే ఉంది.

కొండ సగం ఎక్కి తిరిగి చూశాం. కట్ట మీద ఒకచోట నీళ్ళు దారంలా మెరుస్తూ కిందికి జారుతున్నాయి. చూడటానికి అందంగా ఉంది. ఆ దారం తువ్వాలంత అయింది. తర్వాత కట్ట ఆ చోట నెమ్మదిగా, అలసిన మనిషి కూర్చున్నట్టు, కిందికి కుంగింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. ఎర్రటి నీళ్ళు ఇళ్ళ మీద పడటం, తాటాకు కప్పులు కప్పులుగానే తేలి తిరగటం, దండేల మీది చీరలు ఒక్కసారిగా కనపడకుండా పోవటం చూశాం. చర్చి గోడలు నిలిచాయి.

అందరూ ఒకళ్ళనొకళ్ళు పేరుపెట్టి పిలుచుకుంటున్నారు. ఏసోబు భార్య మాత్రం ఒకే పేరు పిలుస్తోంది.

గంట కొట్టాక అతను మాతోపాటు కొండ మొదటిదాకా వచ్చాడట. అక్కడ ఆగి, తను పనిచేసే ఆసామి ఎడ్లు పాకలో కట్టేసి ఉన్నాయి, విప్పేసి వస్తానని వెనక్కి పోయాడట. భార్య వద్దందట. "ఎంతసేపు, ఇప్పుడే," అన్నాడట. ఎడ్లు రెండూ ఈదుకుంటూ గట్టెక్కాయి. ఏసోబు నీళ్ళు తీసిపోయాక ఒక చెరకు తోటలో దొరికాడు.

అతన్ని పూడ్చిన రోజు మేడమ్‌గారు అతని భార్య పక్కన నేల మీద కూర్చున్నారు. ఆమె అంది: "నువ్వు రాకపోతే పాలెం మొత్తం పోయేదంటన్నారమ్మా అందరూ. నిజమే అయ్యుంటది. నా ఒక్కడి సంగతి ఎవుర్నడగాలమ్మా నేను?"

మేడమ్‌గారు ఆమె చేతిని తన ఒళ్ళో పెట్టుకుని చీకటి పడేదాకా అక్కడే ఉన్నారు.

విచారణ జరిగింది. ఫ్యాక్టరీవాళ్ళు కనీవినీ ఎరగని వాన అన్నారు. డైరెక్టరుగారు మేడమ్‌గారిని అదే మాట అనమన్నారు. "అట్లా అంటే మీకూ మంచిదమ్మా," అన్నారు, నిజంగా ఆవిడ మంచి కోరే. ఆవిడ లేచి, ప్రోగ్రాములో ఏ మాట లేకుండా పోయిందో, అది ఎప్పుడు తెలిసిందో, తెలిసిన సంగతి ఎవరికి చెప్పారో వరసగా చెప్పి కూర్చున్నారు. ఆ నెలలోనే ఉద్యోగం పోయింది. చెరువు ముంచిన మనిషని కొందరు, పాలెం నిలబెట్టిన మనిషని కొందరు అన్నారు. రెండూ ఆవిడ విననట్టే ఉండేవారు. కంపెనీ కూడా ఎక్కువకాలం నిలవలేదు. నేను బ్యాంకు ఉద్యోగానికి పోయాను. ఆవిడ ఒక ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయారు. ఏసోబు భార్య బతికున్నన్నాళ్ళూ ఆమెను చూడటానికి వెళ్ళి వచ్చేవారు. ఏం మాట్లాడుకుంటారండీ అని ఒకసారి అడిగాను. "ఏమీ లేదమ్మా. చింతపండు ఒలుస్తాం," అన్నారు.

ఇంటింటా కంప్యూటర్లు వచ్చాక పటమట పిల్లలు ఆవిడ ఇంటికి చేరేవాళ్ళు. లూపులో తప్పు దొరకక తల పట్టుకుని వచ్చినవాళ్ళే ఎక్కువ. బ్రేక్‌పాయింటు పెట్టాం మేడమ్, ఎక్కడా ఆగటం లేదు అనేవాళ్ళు. "ఏమని అడిగావు నాన్నా? నువ్వు భయపడేదాన్నా, జరగనే కూడనిదాన్నా?" అని అడిగేవారు. పిల్లలు ఆలోచించి కండిషను మార్చి నడిపించేవాళ్ళు. స్క్రీను మీద పరుగు ఆగగానే కేకలు వేసి గంతులేసేవాళ్ళు. ఆ ఆగిన క్షణంలో మేడమ్‌గారు మాత్రం గంతులేసే పిల్లల్ని చూసేవారు కాదు. అంకెలు మొత్తం చదివేదాకా ఊపిరి బిగబట్టినట్టు ఉండేవారు. అది గమనించింది బహుశా నేనొక్కదాన్నే.

శనివారం మధ్యాహ్నం సమాధుల తోటకు తీసుకెళ్ళాం. ప్రార్థన మొదలయ్యేసరికి వాన పట్టుకుంది. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలు, ఇప్పుడు నెరిసిన జుట్లవాళ్ళు, గొడుగులు కలిపి పట్టుకున్నారు. మట్టి వేశాం. పాట పాడాం. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను చెట్టు కింద నిలబడిపోయాను.

కొత్తగా పోసిన మట్టికి పైవైపు, నేల పల్లంగా ఉన్న చోట, వాననీళ్ళు గుమిగూడటం మొదలైంది. అరచేతి మేర ఉన్నది చాటంత అయింది. అంచు మట్టి దిబ్బను ముట్టుకుని, ఒక గడ్డను నాననిచ్చి, కరిగించి లోపలికి లాక్కుంది. ఇంకో గడ్డ. గుంత తవ్విన మనిషి గోడ పక్కన బీడీ కాల్చుకుంటున్నాడు. నేను పిలిచేలోపే అతనే చూశాడు. బీడీ పారేసి, పార తీసుకుని వచ్చి, దిబ్బకు ఎడంగా నేల మీద చిన్న గాడి కొట్టాడు.

నీళ్ళు వెంటనే కదల్లేదు. గాడి మొదట్లో ఒక్క క్షణం ఉబ్బి నిలిచాయి. తర్వాత పక్కకు తిరిగి, ఎర్రగా, చప్పుడు చేయకుండా, గోడ వైపు పారడం మొదలుపెట్టాయి.